నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ఇంజను

కాలువ చివరి భూములలో వ్యవసాయం చేసేవారికి నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. కృష్ణా డెల్టాలో మా ఊరు అటువంటిది. కాలువ నీరు ఆలస్యమైన ఏడు మురుగు కాలువ నుంచి నీరు తోడి నారుమడిని బ్రతికించుకోవాలి. అందుకోసం మా పెదనాన్నగారి వద్ద ఒక చిన్న పెట్రోలు ఇంజను, దానికి బిగించిన పంపు ఉన్నవి. ఇద్దరు మనుషులు మోసుకొని గట్టుమీదికి తీసుకొనిపోగలిగినంత యంత్రం.

కొన్ని సంవత్సరాల క్రిందట సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఆ ఇంజను మొరాయించి ఉన్నది. తాడు లాగగానే చక్కగా అందుకొనేది. మూడు నాలుగు నిమిషాలు నీరు పోసేది. తరువాత గొంతు తగ్గి, రెండుసార్లు దగ్గినట్లుగా చప్పుడు చేసి ఆగిపోయేది. పట్నం నుంచి మేస్త్రీ రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ప్లగ్గు మార్చాడు. ఇంజను నడిచింది, అతడు వెళ్ళిన కొద్దిసేపటికే ఆగింది. రెండవసారి కార్బ్యురేటరు విప్పి కడిగాడు. మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగింది. “ఇక ఇంజను మార్చుకోవడమే మంచిదండీ” అని చెప్పి వెళ్ళిపోయాడు. నారుమడి అప్పటికే నెర్రెలు విచ్చుతున్నది.

“ఏమిరా, కాలేజీలో నీవు చెప్పే పాఠం ఇదేగా, చూడు” అన్నారు పెదనాన్న. నేనూ చూశాను; నాకూ ఏమీ తోచలేదు. సంగతి బయటపడింది మా మేనల్లుని వల్ల. వాడు అప్పుడు పదవ తరగతి. ఇంజను ఆగినప్పుడు పెట్రోలు ఉన్నదో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు. “మామయ్యా, మూత తీస్తుంటే స్ స్ అని చప్పుడు వచ్చింది. సోడాబుడ్డి మాదిరి కాదు, గాలి లోపలికి పీల్చుకున్నట్లు ఉన్నది” అన్నాడు. మూత వదులుగా పెట్టి ఇంజను నడిపించాము. అది ఆగలేదు. మూత తిరగవేసి చూస్తే, దానిలో గాలి పోవడానికి ఉన్న సన్నని రంధ్రం ఎండిన బురదతో పూడిపోయి ఉన్నది. పెట్రోలు పోసేటప్పుడు ఎవరో మూతను గట్టుమీద బోర్లించి ఉంటారు.

ఒక పిడికెడంత మూత, దానిలో సూదిమొనంత రంధ్రం, ఇంత పని చేసిందా అని ఆశ్చర్యం కలుగవచ్చు. చేయగలదు. ఎందుకు చేయగలదో తెలుసుకోవడానికి ఉన్నత పాఠశాలలో నేర్చుకొన్న భౌతికశాస్త్రమే చాలు.

ఇంజనుకు కావలసినవి మూడు

పొయ్యి మండాలంటే కట్టె, గాలి, నిప్పు కావాలి. పెట్రోలు ఇంజను కూడ ఒక రకమైన పొయ్యియే. కాని అది మూతపెట్టిన పొయ్యి, సెకనుకు ఎన్నోమార్లు వెలిగి ఆరే పొయ్యి. 1876లో జర్మనీలో నికొలాస్ ఒట్టో తయారుచేసిన ఇంజనులో అమలుజరిగిన నాలుగు దశల పద్ధతే నేటి చిన్న పెట్రోలు ఇంజన్లలో చాలా వాటికి ఆధారం. పిస్టను క్రిందికి దిగుతూ గాలిని, పెట్రోలు ఆవిరిని సిలిండరులోనికి పీల్చుకొంటుంది. పైకి పోతూ ఆ మిశ్రమాన్ని అదుముతుంది. సరిగా ఆ సమయానికి ప్లగ్గు నుంచి నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం మండి పిస్టనును క్రిందికి త్రోస్తుంది. మళ్ళీ పైకి పోతూ పిస్టను పొగను వెలుపలికి నెట్టివేస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఈ మంట సెకనుకు 25 సార్లు జరుగుతున్నదన్నమాట.

దీనినిబట్టి ఇంజను నడవడానికి మూడు విషయాలు కుదరాలని తెలుస్తున్నది. ఒకటి, సరియైన పాళ్ళలో గాలి, ఇంధనం. రెండు, సరియైన సమయానికి బలమైన నిప్పురవ్వ. మూడు, మిశ్రమాన్ని కారిపోనీయకుండా అదిమి పట్టగల సిలిండరు. అసలు అందుకోని ఇంజనులో ఈ మూడింటిలో ఏదో ఒకటి మొదటి నుంచీ లేదు. అందుకొని ఆగిపోయే ఇంజనులో మూడూ మొదట ఉన్నవి. ఏదో ఒకటి మధ్యలో పోయింది. ఏది పోయిందో తెలుసుకోవడమే మన పని.

గాలి, పెట్రోలు పాళ్ళు ఎంత నిక్కచ్చిగా ఉండాలో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు దాదాపు 740 గ్రాములు తూగుతుంది. కనుక దానికి 11 కిలోగ్రాముల గాలి, అనగా సుమారు 9000 లీటర్ల గాలి అవసరం. చిన్న ట్యాంకులోని ఒక లీటరు పెట్రోలు ఖర్చయ్యేలోపల ఇంజను ఒక చిన్న గదిలోని గాలిని పీల్చివేస్తుంది. ఈ పాళ్ళు మరీ తప్పితే నిప్పురవ్వ ఎంత బలంగా ఉన్నా మిశ్రమం అంటుకోదు.

ఈ పాళ్ళను కుదిర్చే పరికరమే కార్బ్యురేటరు. ఇంజను పీల్చుకొనే గాలి దీనిలో ఒక సన్నని మెడ గుండా పోతుంది. ఇరుకైన చోట ప్రవాహ వేగం హెచ్చుతుంది. వేగం హెచ్చిన చోట పీడనం తగ్గుతుంది. 1738లో డానియల్ బెర్నూలీ తన గ్రంథంలో వివరించిన సూత్రం ఇదే. ప్రక్కనే ఫ్లోటు గది అనే చిన్న గిన్నెలో పెట్రోలు నిలువ ఉంటుంది. ఆ గిన్నె మీద మామూలు వాతావరణ పీడనం, మెడలో తక్కువ పీడనం. ఈ తేడావల్ల పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా చిమ్ముకొనివచ్చి గాలిలో తుంపరగా కలుస్తుంది. గిన్నెలో మట్టం తగ్గితే దానిమీద తేలే బుడ్డి దిగుతుంది, సూది వంటి బిరడా తెరుచుకొంటుంది, ట్యాంకు నుంచి పెట్రోలు దిగుతుంది.

ఎప్పుడు ఆగింది? ఎట్లా ఆగింది?

వైద్యుడు రోగిని మొదట అడిగేది “జ్వరం ఎప్పుడు వస్తున్నది?” అని. ఇంజను విషయంలోనూ పానాలు చేతబట్టుకొనే ముందు గడియారం చూడడం మంచిది. ఆగడానికి పట్టే కాలమే లోపాన్ని చాలావరకు పట్టి ఇస్తుంది.

అందుకొన్న కొద్ది సెకన్లలోనే ఆగిపోతున్నదనుకొందాము. చోక్ మూసి ఉన్నంతవరకు నడిచి, తెరవగానే ఆగితే సంగతి దాదాపు స్పష్టమే. చోక్ అంటే గాలికి అడ్డుపెట్టే రేకు. గాలి తగ్గి, మెడలో పీల్పు హెచ్చి, పెట్రోలు ఎక్కువగా వస్తుంది. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక మొదట ఈ ఎక్కువ మోతాదు అవసరం. వేడెక్కిన తరువాత కూడ చోక్ లేనిదే నడవడం లేదంటే పెట్రోలు తక్కువగా వస్తున్నదని అర్థం. జెట్టు పూడుకొని ఉండవచ్చు; లేదా కార్బ్యురేటరు బిగించినచోట అట్ట నలిగి, దారితప్పిన గాలి లోపలికి చొరబడుతూ ఉండవచ్చు.

ఇంజను వెంటనే ఆగకుండా వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడడం కూడ ఈ లోపానికే గుర్తు. వేగం తగ్గగానే గవర్నరు గాలిద్వారాన్ని మరింత తెరుస్తుంది, ఇంజను పుంజుకొంటుంది, వేగం హెచ్చగానే గవర్నరు మూస్తుంది, పెట్రోలు చాలక మళ్ళీ పడిపోతుంది. గవర్నరు చెడిపోయిందని దానిని కదిలించేవారున్నారు. నిజానికి అది తన పని తాను చేస్తున్నది; లోటు పెట్రోలులో ఉన్నది.

జెట్టు ఎందుకు పూడుతుంది? నెలల తరబడి నిలువ ఉన్న పెట్రోలులో తేలికైన భాగాలు ఆవిరై పోతవి. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురు వంటి పదార్థమవుతుంది. నిదాన వేగంలో పెట్రోలు నందించే జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కంటె సన్నం. దానిని పూడ్చడానికి ఆ జిగురు రవ్వంత చాలు. జెట్టును తీగతో పొడిచి శుభ్రం చేయడం మనలో అలవాటు. ఇది మంచిది కాదు. రంధ్రం వ్యాసం 0.40 మిల్లీమీటర్ల నుంచి 0.44కు పెరిగితే పెరుగుదల పదవ వంతే. కాని వైశాల్యం వ్యాసం వర్గాన్నిబట్టి పెరుగుతుంది గనుక 21 శాతం పెరుగుతుంది. అప్పుడు పెట్రోలు ఎక్కువై ప్లగ్గు మసిబారుతుంది. ఒక లోపం పోయి మరొకటి వస్తుంది. శుభ్రపరచే ద్రావకంలో నానవేసి గాలి ఊది తీయడమే సరియైన పద్ధతి.

నీరు కూడ ఇటువంటి చిక్కే తెస్తుంది. పెట్రోలు కంటె నీరు బరువు గనుక ట్యాంకులో చేరిన నీరు అడుగుకు పోయి చివరకు ఫ్లోటు గది అడుగున నిలుస్తుంది. ఒక నీటిబొట్టు జెట్టుకు అడ్డుపడితే తలతన్యతవల్ల అది సులభంగా కదలదు. మన దేశంలో 2023 నుంచి 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఎథనాల్ కొద్దిపాటి నీటిని తనలో కలుపుకొంటుంది. ఆ హద్దు మించితే నీరు, ఎథనాల్ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతవి. అందుచేత ఏడాదిలో కొద్దిరోజులు మాత్రమే వాడే పంపు ఇంజనులో పెట్రోలు నిలువ ఉంచరాదు. పని ముగిసిన తరువాత ట్యాంకు ఖాళీచేసి, ఫ్లోటు గదిలోని పెట్రోలు కూడ అయిపోయేవరకు ఇంజనును నడిపి ఆపడం మంచి అలవాటు.

మూతలోని రంధ్రం చేసిన పని

రెండు మూడు నిమిషాలు చక్కగా నడిచి ఆగే ఇంజనులో ఫ్లోటు గదిలో ఉన్న పెట్రోలు అయిపోతున్నది, పైనుంచి క్రొత్తది దిగడం లేదు అని మొదట అనుమానించాలి. పెట్రోలు కుళాయి సగమే తెరిచి ఉన్నదా? జల్లెడ పూడిందా? గొట్టం మడతపడిందా? ఇవి చూచిన తరువాత, కాదు, వీటికంటె ముందే, మూత చూడాలి.

గట్టిగా బిగించిన ట్యాంకు నుంచి పెట్రోలు దిగుతున్నకొద్దీ పైనున్న ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోనికి వెలుపలి గాలి రాకపోతే అక్కడి పీడనం తగ్గుతుంది. ఎంత తగ్గితే ప్రవాహం ఆగిపోతుంది? కార్బ్యురేటరు కంటె ట్యాంకులోని పెట్రోలు మట్టం 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. పెట్రోలు సాంద్రత 0.74. కాబట్టి ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాని పీడనం 7.4 గ్రాముల బరువు మాత్రమే. వాతావరణ పీడనమో, చదరపు సెంటీమీటరుకు 1033 గ్రాముల బరువు. అనగా ట్యాంకులోపలి పీడనం వాతావరణ పీడనంలో 140వ వంతు తగ్గితే చాలు, పెట్రోలు దిగడం నిలిచిపోతుంది!

ట్యాంకులో ఒక లీటరు ఖాళీ ఉన్నదనుకొంటే, 1662 నాటి బాయిల్ నియమం ప్రకారం ఆ గాలి పీడనం 140వ వంతు తగ్గడానికి సుమారు 7 మిల్లీలీటర్ల పెట్రోలు దిగితే సరిపోతుంది. వేడిరోజులలో ఆ ఖాళీలో సగందాకా పెట్రోలు ఆవిరియే ఉండవచ్చు; పెట్రోలు మళ్ళీ ఆవిరై తనవంతు లోటును పూడ్చుకొంటుంది కనుక మరి కొంత దిగుతుంది. అయినా 15 మిల్లీలీటర్లు అనుకొందాము. గంటకు ముప్పావు లీటరు త్రాగే ఇంజను నిమిషానికి 12 మిల్లీలీటర్ల పైచిలుకు ఖర్చుచేస్తుంది. ఈ 15కు ఫ్లోటు గదిలోని కొద్ది నిలువను కలిపితే ఇంజను ఆయుర్దాయం రెండు మూడు నిమిషాలే. మా పెదనాన్నగారి ఇంజను మూడు నాలుగు నిమిషాలకు ఆగడంలో వింత ఏమీ లేదు.

ఈ లెక్క నుంచి మరొక గుర్తు కూడ దొరుకుతున్నది. ట్యాంకులో ఖాళీ రెండు లీటర్లుంటే దిగే పెట్రోలు కూడ రెట్టింపవుతుంది. కనుక మూత రంధ్రం పూడిన ఇంజను, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు త్వరగాను, సగమున్నప్పుడు ఆలస్యంగాను ఆగుతుంది. “పెట్రోలు నిండా పోస్తేనే మొరాయిస్తున్నది” అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోకూడదు; వారు మంచి సాక్ష్యమే చెబుతున్నారు.

ఆగిన ఇంజను పావుగంట తరువాత మళ్ళీ ఎందుకు అందుకొంటుంది? మూత ఎంత బిగువైనా ఎక్కడో ఒక సందున గాలి మెల్లగా చొరబడుతుంది. పీడనం సమమై ఫ్లోటు గది నిండుతుంది. ఇంజను “చల్లబడితే బాగవుతున్నది” అని మనము భ్రమపడతాము. నిజానికి దానికి కావలసింది చల్లదనం కాదు, గాలి.

మేస్త్రీ పొరబడ్డ కారణం కూడ ఇక్కడే ఉన్నది. అతడు తెలివితక్కువవాడు కాడు. వచ్చిన రెండుసార్లూ మొదట మూత తీసి పెట్రోలు చూశాడు. అది అందరూ చేసే పనే. మూత తీయగానే గాలి లోపలికి పోయింది. ఆ తరువాత ప్లగ్గు మార్చాడు; ఇంజను నడిచింది. నడవడానికి కారణం ప్లగ్గు అనుకొన్నాడు. రెండవసారి కార్బ్యురేటరు అనుకొన్నాడు. తాను చేసిన మార్పులు రెండైనప్పుడు, ఒకదానిని లెక్కలోనికి తీసుకొని రెండవదానిని మరచిపోయాడు. ప్రయోగశాలలో విద్యార్థులకు “ఒక్కసారి ఒక్క విషయాన్నే మార్చండి” అని చెబుతూ ఉంటాము. దానిని మరచినందుకు మా ఊళ్ళో ఒక ప్లగ్గు, రెండు ప్రయాణాలు, అయిదు రోజుల నీరు ఖర్చయినవి. నేను కూడ మరచినవాడనే.

వేడెక్కిన తరువాత ఆగేవి

ఇరవై నిమిషాలో అరగంటో నడిచి, బాగా కాగిన తరువాత ఆగే ఇంజను సంగతి వేరు. మూత వదులు చేసినా అది అందుకోదు, చల్లబడితేనే అందుకొంటుంది. ఇక్కడ రెండు అనుమానాలున్నవి.

మొదటిది నిప్పురవ్వ. చిన్న ఇంజన్లలో బ్యాటరీ ఉండనక్కరలేదు. చక్రంలో బిగించిన అయస్కాంతం తీగచుట్ట ప్రక్కనుంచి దూసుకొనిపోయినప్పుడు ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణవల్ల విద్యుత్తు పుడుతుంది. అది వేల వోల్టులకు పెరిగి ప్లగ్గు సందులో రవ్వగా దుముకుతుంది. తీగచుట్టలోని పూత ఎక్కడైనా పాడై ఉంటే, వేడికి ఆ లోపం హెచ్చి విద్యుత్తు లోలోపలే దారి చూసుకొంటుంది. చల్లబడగానే మళ్ళీ మామూలు. ఇంజను ఆగిన మరుక్షణంలోనే రవ్వ ఉన్నదో లేదో పరీక్షిస్తేనే ఈ దొంగ దొరుకుతుంది. చల్లబడిన తరువాత చూస్తే రవ్వ చక్కగానే కనబడుతుంది. ఆగే తీరు కూడ గమనించదగినది. పెట్రోలు చాలని ఇంజను తడబడుతూ, దగ్గుతూ ఆగుతుంది. రవ్వ పోయిన ఇంజను మాట మధ్యలో గొంతు పట్టుకొన్నట్లు చటుక్కున ఆగుతుంది.

రెండవది సిలిండరు బిగువు. లోహాలు వేడికి సాగుతవి. ఉక్కు ప్రతి డిగ్రీకి తన పొడవులో లక్షకు సుమారు 1.2 వంతులు సాగుతుంది. 70 మిల్లీమీటర్ల పొడవుగల వాల్వు కాడ 300 డిగ్రీలు వేడెక్కితే పావు మిల్లీమీటరు పెరుగుతుంది. చుట్టూ ఉన్న లోహం కూడ కొంత సాగుతుంది గనుక తేడా అంత ఉండదు. అయినా వాల్వు కాడ చివర 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల వరకు సందు విడిచిపెట్టడం ఇందుకే. అరుగుదలవల్ల ఆ సందు పూర్తిగా పోతే, వేడెక్కిన వాల్వు తన పీటమీద సరిగా కూర్చోదు. అదిమిన మిశ్రమం కారిపోతుంది. అప్పుడు తాడు లాగితే చేతికి మామూలు ప్రతిఘటన తగలక, తేలికగా వచ్చివేస్తుంది.

ఈ రెండూ మేస్త్రీ చేతిలో పెట్టదగిన పనులు. కాని “వేడెక్కిన తరువాతే ఆగుతున్నది, మూత తీసినా నడవదు, చటుక్కున ఆగుతున్నది” అని మనము చెప్పగలిగితే అతని పని సగం అయినట్లే.

చివరకు ఒక చిన్న సంగతి. ఈ మధ్య వచ్చిన అనేక నాలుగు దశల ఇంజన్లలో నూనె మట్టం తగ్గితే నిప్పురవ్వను దానంతట అదే ఆపివేసే స్విచ్చి ఉంటుంది. గట్టుమీద ఇంజను ఒక ప్రక్కకు ఒరిగి ఉన్నా ఈ స్విచ్చి నూనె లేదని భావించి ఇంజనును ఆపుతుంది. కాబట్టి ఇంజనును సమతలంలో ఉంచి, నూనె చూచిన తరువాతనే తక్కిన పరీక్షలు చేయాలి. మందు చల్లే యంత్రాలలో ఉండే రెండు దశల ఇంజన్లలో నూనెను పెట్రోలులోనే కలుపుతారు. వాటిలో పొగగొట్టం మసితో పూడి, పొగ బయటికి పోలేక, ఇంజను బలం తగ్గి ఆగడం సామాన్యం.

ప్లగ్గు చెప్పే సాక్ష్యం

ఇంజను చల్లబడిన తరువాత ప్లగ్గు ఊడదీసి చూస్తే లోపల జరిగిన దహనం ఎటువంటిదో తెలుస్తుంది. లేత గోధుమరంగుగా ఉంటే మిశ్రమం సరిగా ఉన్నది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనది, లేదా గాలి జల్లెడ దుమ్ముతో మూసుకొన్నది. తెల్లగా సున్నంవలె ఉంటే పెట్రోలు తక్కువై, వేడి హెచ్చినది. తడిగా పెట్రోలు వాసన వేస్తుంటే పెట్రోలు వచ్చింది, కాని మండలేదు, రవ్వను అనుమానించాలి. నాలుగు రంగులు గుర్తుంచుకొంటే చాలు.

కిరోసిన్, డీజిల్ ఇంజన్లు

పెట్రోలుతో అందుకొని కిరోసిన్‌తో నడిచే పంపు ఇంజన్లు మన పల్లెలకు క్రొత్తవి కావు. కిరోసిన్ పెట్రోలు అంత సులభంగా ఆవిరి కాదు. ఇంజను బాగా కాగకముందే కుళాయిని కిరోసిన్‌కు త్రిప్పితే తుంపర ఆవిరి కాక, తడిసి, ఇంజను ఆగిపోతుంది. అట్లే పని ముగించే ముందు మళ్ళీ పెట్రోలుకు త్రిప్పి కొద్దిసేపు నడపాలి. లేకపోతే మరునాడు ఫ్లోటు గదిలో ఉండేది కిరోసినే గనుక చల్లని ఇంజను అందుకోదు.

డీజిల్ ఇంజనులో ప్లగ్గూ లేదు, కార్బ్యురేటరూ లేదు. గాలిని మాత్రమే గట్టిగా అదిమి, ఆ వేడిలోనికి డీజిలును చిమ్ముతారు. నడుస్తూ ఆగిపోయే డీజిల్ ఇంజనులో ముఖ్యమైన అనుమానితుడు గొట్టంలో చేరిన గాలిబుడగ. ద్రవం అదిమినప్పుడు దాదాపు నలగదు; గాలి నలుగుతుంది. పంపు చేసే ఒత్తిడి అంతా బుడగను నలపడానికే సరిపోయి, డీజిలు చిమ్మదు. అందుకే మేస్త్రీలు మరలు వదులు చేసి “గాలి తీస్తారు”. ట్యాంకు మూత రంధ్రం మాత్రం దీనికీ ఉన్నది; దాని నియమం ఇక్కడా ఒక్కటే.

ప్రాణం మీదికి తెచ్చుకోరాదు

ఇంజను ఆగితే పంట కొంత పోవచ్చు. అజాగ్రత్తవల్ల ప్రాణమే పోవచ్చు. ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో తప్పక చెప్పాలి. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మూసిన గదిలో గాని, దిగుడు బావి లోపల గాని ఇంజనును నడపరాదు. నీరు అడుగంటినదని పెట్రోలు ఇంజనును బావిలోనికి దించడం మృత్యువును పిలవడమే. లోపల ఎవరైనా స్పృహ తప్పితే వెనువెంటనే దిగినవారు కూడ పడిపోతారు.

కాగిన ఇంజనులో పెట్రోలు పోయరాదు. మూత వదులుచేసి పరీక్షించేటప్పుడు ఒక్క నిమిషం చాలు; చిలికి వేడి పొగగొట్టం మీద పడితే అంటుకొంటుంది. మూత రంధ్రాన్ని శుభ్రం చేయడమే చికిత్స. మూత వదులుగా ఉంచి నడపడం కాదు. పెట్రోలు ఒలికిన చోట, ప్లగ్గు రంధ్రం దగ్గర నిప్పురవ్వ పరీక్ష చేయరాదు.

తరగతి గదిలో ఒక ప్రయోగం

ఈ పాఠాన్ని పెట్రోలు లేకుండానే నేర్పవచ్చు. అడుగున గొట్టం ఉన్న గట్టి గాజు సీసా, బిగువైన బిరడా, సన్నని రబ్బరు గొట్టం, కొలజాడీ ఉంటే చాలు. సీసాలో నీరు పోసి, నీటిమట్టం గొట్టం చివరకు 10 సెంటీమీటర్ల పైన ఉండేటట్లు చూచి, బిరడా బిగించి నీరు వదలండి. నీరు కొద్దిగా కారి ఆగుతుంది. ఎంత కారిందో కొలవండి. సీసాలో అర లీటరు ఖాళీ ఉంటే 5 మిల్లీలీటర్ల ప్రాంతంలో రావాలి. గొట్టం లావైతే గాలిబుడగలు ఎదురెక్కి లెక్క తప్పుతుంది. ఖాళీని పెంచి, ఎత్తును మాత్రం మార్చకుండా మళ్ళీ కొలవండి. చివరకు బిరడాలో సూదితో రంధ్రం చేయండి. నీరు ఆగకుండా కారుతుంది. వాతావరణ పీడనం, బాయిల్ నియమం, ద్రవ పీడనం ఈ మూడూ ఒకే బల్లమీద కనబడతవి. ఆ రంధ్రాన్ని వ్రేలితో మూసి తెరిచినప్పుడు పిల్లల ముఖాలు చూడవలసినదే.

ఆ సాయంకాలం మా మేనల్లుడు మూత రంధ్రంలోని బురదను చీపురుపుల్లతో తీసి, మూత బిగించి, తాడు లాగాడు. ఇంజను చీకటిపడేవరకు నడిచింది. నారుమడి తడిసింది. పెదనాన్నగారు ఆ మూతను గట్టుమీద పెట్టకుండా, సన్నని గొలుసుతో ట్యాంకుకు కట్టివేశారు. ఆ గొలుసు ఇప్పటికీ ఉన్నది.